ఫోమ్ అంటిస్తే శబ్దం ఆగదు

మణికొండలో మా బావ ఫ్లాట్‌లో మూడో బెడ్‌రూమ్ ఖాళీగా ఉండేది. దాన్ని హోమ్ థియేటర్ చేద్దామని ప్రొజెక్టర్, సబ్‌వూఫర్ (బేస్ మోత ఇచ్చే పెద్ద స్పీకర్) కొని, గోడల నిండా రెండంగుళాల ఫోమ్ అంటించాడు. మొదటి శనివారం రాత్రే కింది ఫ్లాట్ పెద్దాయన పైకొచ్చి, "బాబూ, మా మంచం అదురుతోంది" అన్నారు. గుండె ఆపరేషన్ అయిన మనిషి. ఆ మాట విన్నాక మాకిద్దరికీ సినిమా చూడబుద్ధి కాలేదు.

ఫోమ్ చేసే పని వేరు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన, పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది కదా, గట్టి రాయి శబ్దాన్ని మింగదు, తిప్పి పంపుతుంది. గదిలో అలా తిరిగొచ్చే శబ్దాన్ని ఫోమ్ మింగుతుంది, డైలాగులు స్పష్టంగా వినపడతాయి, అంతే. 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 సార్లు కంపించే బేస్ శబ్దతరంగం పొడవు దాదాపు 28 అడుగులు. రెండంగుళాల స్పాంజి దాన్ని ఏం ఆపుతుంది? కోడిగుడ్ల అట్టలూ అంతే.

బయటికి పోకుండా ఆపేది ముందుగా బరువు. గోడ బరువు రెట్టింపైతే అవతలికి పోయే శబ్దం సుమారు 5, 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. మన చెవికి శబ్దం సగమైందనిపించాలంటే 10 తగ్గాలి, అంటే బరువు ఒక్కటే నమ్ముకుంటే గోడలు కోట గోడలవుతాయి, స్లాబ్ మోయలేదు. అందుకే పాత గోడకు తగలకుండా ఇంకో గోడ, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసిన దూది లాంటి పలక. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఒక్క జిప్సం షీటును అంగుళం సందుతో బిగిస్తే, షీటు బరువూ మధ్యలోని గాలీ కలిసి స్ప్రింగులా 125 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి, ఆ శబ్దం ముందుకంటే ఎక్కువే బయటికి పోవచ్చు. రెండు షీట్లు వేసి, సందు నాలుగంగుళాలు చేస్తే ఆ ఊగుడు సుమారు 45 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. నాలుగు వైపులా అలా చేస్తే గది చిన్నదవుతుంది, నిజమే, కానీ పని చేసేది అదే.

మంచం అదరడం ఇంకో దారి. సబ్‌వూఫర్ నేల మీద ఆనుకుని ఉంటే దాని కంపనం గాలితో పని లేకుండా స్లాబ్‌లోకే దిగి కింది ఇంటికి పోతుంది. వంటింట్లో మిక్సీ కింద మడత పెట్టిన టవల్ వేస్తే గట్టు మోత తగ్గడం చూసే ఉంటారు, సూత్రం అదే. బావ సబ్‌వూఫర్ కింద మెత్తటి, మందపాటి రబ్బరు దిమ్మలు పెట్టి, రాత్రి పది తర్వాత బేస్ తగ్గించడం మొదలుపెట్టాడు. గాల్లోంచి స్లాబ్‌కి తగిలే బేస్ ఇంకా ఉంటుంది కాబట్టి ఆ తగ్గించడం తప్పదు. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి, అయినా పెద్దాయన నిద్రకు నిబంధన ఎందుకు?

అన్నిటికంటే చవకైంది, అందరూ మరిచిపోయేది, సందులు మూయడం. పదడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు గోడలో మూడడుగుల వెడల్పు తలుపు కింద అర అంగుళం సందు ఉందనుకోండి, అది గోడలో 800వ వంతు. అయినా ఎంత ఖరీదైన గోడ కట్టినా లెక్క ప్రకారం శబ్దం తగ్గడం 29 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే నీళ్లలాగే శబ్దమూ సులువైన దారి చూసుకుంటుంది. లోపల డొల్లగా ఉండే తేలిక తలుపైతే అసలు ఆ మాత్రం కూడా రాదు, బరువైన తలుపు పెట్టించి చుట్టూ రబ్బరు పట్టీ వేయాలి. సందులన్నీ మూస్తే గాలి ఆడదు, ఏసీ గాలిని చల్లబరుస్తుందే గానీ కొత్త గాలి తేదు, కాబట్టి లోపల మెత్తలు వేసి మలుపులు తిప్పిన గాలి గొట్టం ఒకటి ముందే అనుకోవాలి.

సందులు వెతకడానికి మేం చేసింది ఇది: రాత్రి ఆ గదిలో లైట్లన్నీ ఆర్పేసి, హాల్లోనూ బాల్కనీలోనూ వెలిగించి, చీకట్లో కూర్చున్నాం. తలుపు కింద వెలుతురు గీత, ఏసీ పైపు చుట్టూ చంద్రవంక, వెంటిలేటర్ మూలన చుక్క కనిపించాయి. చాక్‌పీసుతో గుర్తులు పెట్టాం, మర్నాడు బావ సందులు పూడ్చే సీలెంట్ తెచ్చాడు.