సున్నా మీటర్లన్న చోట డబ్బా ఎందుకు లేదు?

చి. సహస్రకు, చి. అద్వైత్‌కు,

తాతయ్య ఆశీస్సులు.

మీ ఇంగ్లండ్‌లో బ్రాక్‌నెల్ దగ్గరి హీత్‌ల్యాండ్‌లో, అంటే పొదలు పెరిగిన బీడు నేలలో, జియోకాషింగ్‌కి (ఎవరో దాచిన డబ్బాను ఫోను జీపీఎస్‌తో వెతికే ఆటకు) వెళ్ళారనీ, ఆఖరి డబ్బా దగ్గర చాలాసేపు తిరిగి ఉత్తచేతుల్తో వచ్చారనీ మీ అమ్మ చెప్పింది. "ఫోను సున్నా మీటర్లు అంది, అక్కడేమో ఏమీ లేదు. ఫోను అబద్ధం చెప్తుందా తాతయ్యా?" అని సహస్ర ప్రశ్న.

అబద్ధం చెప్పదు తల్లీ, అంచనా చెప్తుంది. ఎలాగో చూడండి.

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు గుంజకు కట్టిన దూడను చూశారుగా. పలుపు బిగుసుకుని ఉందంటే దూడ ఆ గుంజ చుట్టూ గీసిన వలయం గీత మీద ఎక్కడో ఉన్నట్టు. రెండో గుంజ నుంచి ఇంకో పలుపు కట్టి అదీ బిగిస్తే, దూడ ఉండగల చోట్లు రెండే. మూడో పలుపు కూడా బిగిస్తే ఒక్కటే. జీపీఎస్ ఉపగ్రహాలే ఈ గుంజలు. నేలకు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే రేడియో సంకేతం పలుపు. అది ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు చేరిందో చూసి ఫోను పలుపు పొడవు కడుతుంది. సంకేతం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా పలుపు 300 మీటర్లు తప్పుతుంది. ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది, మీ ఫోనులో ఉన్నది మామూలుది. అది ఎంత తప్పిందో పట్టుకోవడానికి నాలుగో గుంజ కావాలి. పైగా ఈ గుంజలు గంటకు దాదాపు 14,000 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. మన దూడకు ఆ బాధ లేదు.

ఇప్పుడు పలుపు చెట్టు మొదలుకు చుట్టుకుందనుకోండి. అసలు దూరం కంటే పలుపు పొడుగవుతుంది. పైన్ చెట్ల గుబురులో జరిగేది ఇదే. సంకేతం మానుకు తగిలి వంకర దారిన వస్తే, ఆ గుంజ ఇంకా దూరంగా ఉందనుకుని ఫోను మిమ్మల్ని పక్కకు జరిపేస్తుంది. వానకు తడిసిన ఆకులు సంకేతాన్ని ఇంకా నీరసపరుస్తాయి. ఆరుబయట అయిదు మీటర్ల తేడాతో చెప్పే ఫోను చెట్ల కింద పది పదిహేను మీటర్లు తప్పడం మామూలే. డబ్బా దాచిన మనిషి ఫోనుకూ ఇదే జబ్బు. రెండు తప్పులూ కలిశాయంటే 'సున్నా' అన్నమాటకు 'ఈ చుట్టుపక్కలే' అని అర్థం చెప్పుకోవాలి.

కాబట్టి పది మీటర్లు అనగానే నడక ఆపండి. ఫోను కదపకుండా ఒక నిమిషం నిలబడితే అంకె కుదురుకుంటుంది. బాణం ఎటు చూపిస్తుందో గుర్తుపెట్టుకుని, దారి వెంట కొంచెం పక్కకు వెళ్ళి మళ్ళీ చూడండి. రెండు బాణాలూ కలిసే చోటే మీరు వెతకాల్సింది. ఇక ఫోను జేబులో పెట్టేయండి.

మా చిన్నప్పుడు పొలం దారి అడిగితే "చెరువు గట్టు మీద మొండి తాడి, అక్కణ్ణుంచి ఎడమకి" అనేవాళ్ళు. అంతా ఆనవాళ్ళతోనే. ఆఖరి పది మీటర్లలో మీకూ అవే దిక్కు. చెట్టు మొదట్లో ఒకే కొలతకు విరిచి పేర్చినట్టున్న పుల్లలు, ఒకవైపే నాచు లేని రాయి, కంచె గుంజ వెనక భాగం, బెంచీ అడుగున అయస్కాంతంతో అతుక్కున్న చిన్న డబ్బీ. తొర్రలోకి చెయ్యి పెట్టకండి, ముందు కర్రతో తడమండి. ఎండ కాసిన రోజుల్లో హీత్‌ల్యాండ్‌లో యాడర్ అనే విషప్పాములు ఉంటాయి.

అద్వైత్, డబ్బా చోటు చెప్పే అక్షాంశ రేఖాంశాల అంకెలు నువ్వు ఫోనులో చేత్తో ఎక్కించావట. జియోకాషింగ్‌లో డిగ్రీలు, నిమిషాలు రాసి, నిమిషాలకే దశాంశాలు పెడతారు. 51 డిగ్రీల 24.500 నిమిషాలను 51.24500 డిగ్రీలని కొట్టావంటే 18 కిలోమీటర్లు దక్షిణాన తేలతావు. నిమిషంలో మూడో దశాంశం ఒక్కటి మారితే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్ల తేడా. తూర్పు పడమరలుగా మీ దగ్గర 1.16 మీటర్లే, హైదరాబాద్‌లో అయితే 1.77. ఎందుకో గ్లోబు తీసి రేఖాంశాలు ధ్రువం వైపు ఎలా దగ్గరపడుతున్నాయో చూడు.

ఈ ఆట వయసు మీ అమ్మ కంటే తక్కువ. 2000 మే 1న అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరిగన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి, దాని చోటు అంకెల్లో ప్రకటించాడు. అందులో చిక్కుడు గింజల డబ్బా కూడా ఉంది! ఇప్పుడు తిండి పెట్టకూడదు. మూత బిగించినా జంతువులు వాసన పట్టి డబ్బా కొరికేస్తాయి.

డబ్బా దొరికాక చేసే పనిలోనే పెంపకం తెలుస్తుంది. డబ్బాలో ఉండే లాగ్‌బుక్‌లో పేరు రాయడానికి పెన్సిలు తీసుకెళ్ళండి, చెమ్మ కాగితం మీద పెన్ను రాయదు. చిన్న డబ్బీల్లో రాసేందుకు ఏమీ ఉండదు కూడా. లోపలి బొమ్మ ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో, ఇంకా మంచిదో పెట్టండి. మూసేముందు అంచు చుట్టూ వేలు తిప్పండి. ప్లాస్టిక్ సంచి కొస మూతలో ఇరుక్కుందంటే అటునుంచే నీరు దిగి లాగ్‌బుక్ ముద్దవుతుంది. ఎలా ఉందో అలాగే, అదే రాయి కింద పెట్టండి. ఇంకాస్త లోతుకు తోస్తే తర్వాతి వాళ్ళకు దొరకదు, పైపైన వదిలేస్తే దారిన పోయేవాళ్ళు పట్టుకుపోతారు.

మీరు తిరిగే చోటు ఉత్త ఆటస్థలం కాదు. థేమ్స్ బేసిన్ హీత్స్ అనే ఈ బీళ్ళను 2005లో పక్షుల కోసం ప్రత్యేక రక్షిత ప్రాంతం చేశారు. నైట్‌జార్ అనే పక్షి అక్కడ గూడైనా కట్టదు, ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. కూర్చుంటే ఎండు బెరడు ముక్కలా ఉంటుంది, రెండడుగుల దూరంలో ఉన్నా కనపడదు. జూన్‌లో ఒకరోజు పొద్దుగూకాక దారి మీదే నిలబడి దాని గుర్రుమనే పాట వినండి. నాన్నను వెంటపెట్టుకు వెళ్ళండి. ఎవరో తొక్కిన గడ్డి కనపడిందని పొదల్లోకి దూరకండి, తొక్కిన హీదర్ అనే చిన్న పొద మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. ప్యాంటు కొసలు సాక్సుల్లో దోపుకోండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చెవుల వెనక టిక్ పురుగులున్నాయేమో అమ్మ చేత చూపించుకోండి.

ఆ దొరకని డబ్బా కోసం మళ్ళీ వెళ్ళేముందు దాని పాత లాగ్‌లు, అంటే ఇదివరకు వెతికినవాళ్ళు యాప్‌లో రాసినవి, చదవండి. వరసగా ముగ్గురు నలుగురు దొరకలేదని రాస్తే డబ్బా పోయి ఉంటుంది, వదిలేయండి. నిన్నా మొన్నా ఎవరికైనా దొరికి ఉంటే వెళ్ళండి. అప్పటికీ దొరక్కపోతే దొరకలేదనే రాయండి. అది చూస్తేనే పెట్టినవాళ్ళు వచ్చి సరిచూసుకుంటారు.

ఇట్లు,
తాతయ్య