ట్రాక్ మీద 160 లాగినోడికి హైవే ఎంత? - బైకు స్పీడు గురించి అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో బైకుల షెడ్డు నాది. మామూలు సర్వీసింగ్‌తో పాటు మద్రాసు రేసు ట్రాక్‌కి, అంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైకి, పోయే కుర్రాళ్ళ బళ్ళు రెడీ చేసి పంపుతుంటాను. చాలాసార్లు వాళ్ళతో నేనూ పోతాను. అందుకే ఈ విషయంలో రెండు వైపుల మాటలూ నా చెవినే పడతాయి. "అన్నా, ట్రాక్‌లో 160 లాగినా, ఏమీ కాలా. ఇంక హైవే ఎంతన్నా?" అంటాడు కుర్రాడు. "నాయనా, మావాణ్ణి ఆ రేసుల కాడికి మాత్రం తీసుకుపోబాకు" అంటుంది వాళ్ళమ్మ. వాడు రాత్రి పదకొండింటికి ఊరికే ఒక రౌండంటూ కావలి దాకా పోయొస్తే మాత్రం ఆమెకు అంత టెన్షన్ ఉండదు. ఆమెను తప్పు పట్టలేను. టీవీలో, ఫోన్లో ఆమెకు కనపడేది రేసు బళ్ళు పల్టీలు కొట్టడమే కదా.

అపోహ: ట్రాక్ మీద నేర్చుకున్నోడికి రోడ్డు మీద స్పీడు లెక్క కాదు

ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

షెడ్డుకు వచ్చిన బండిని చూడగానే ఎక్కడ పడిందో చెప్పేయొచ్చు. ట్రాక్‌లో పడిన బండి ఒక పక్కంతా గీసుకుపోయి ఉంటుంది. హ్యాండిల్ చివర, క్లచ్ లివర్, ఫుట్‌రెస్ట్, ఇంజిన్ కవర్, సైలెన్సర్ అరిగిపోయి ఉంటాయి. ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలు, మాత్రం నిటారుగా ఉంటాయి, ముందు చక్రం వేలితో తిప్పితే తిరుగుతుంది. లివర్ మార్చి, హ్యాండిల్ సరిచేసి, ఆయిల్ కారడం లేదని చూసుకుంటే చాలాసార్లు అదే రోజు మళ్ళీ ట్రాక్ ఎక్కుతుంది. హైవే మీద నుంచి ట్రాలీ ఆటోలో వచ్చే బండికి పక్కలు శుభ్రంగా ఉంటాయి, ముందు భాగమే ఉండదు. ఫోర్కులు రెండూ వెనక్కి వంగి రేడియేటర్‌లో దిగబడి ఉంటాయి. అల్లాయ్ రిమ్ లోపలికి చితికి ఉంటుంది. హ్యాండిల్ కింద ఛాసిస్ వెల్డింగ్ విచ్చుకుని ఉంటుంది. మొదటిది జారిన బండి, రెండోది గుద్దుకున్న బండి.

ట్రాక్‌లో మలుపు బయట ఖాళీ నేల వదులుతారు, కంకర పోస్తారు. పడినోడు తోలు సూటులో జారుకుంటూ పోతాడు, వేగం మీటర్ల కొద్దీ దూరంలో కరుగుతుంది. వెంటనే ట్రాక్ పక్కన కాపలా ఉండే మార్షల్, వెనక వచ్చేవాళ్ళు జాగ్రత్తపడేలా పసుపు జెండా ఊపుతాడు, అంబులెన్స్ అక్కడే కాచుకుని ఉంటుంది. అందరూ ఒకే దిక్కుకు పోతుంటారు, ఎదురు రావడం అనేదే లేదు. హైవే మీద అదే వేగంలో పడితే డివైడర్ రాయికో, క్రాష్ బారియర్ స్తంభానికో, ఆగి ఉన్న లారీ వెనక్కో తగులుతారు. అంత వేగమూ ఒక్క అడుగులో సున్నా అవుతుంది. ఆ దెబ్బకు ఏ హెల్మెట్టూ, ఏ జాకెట్టూ సరిపోదు.

నైపుణ్యం కాపాడుతుందనే వాళ్ళు ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీని చూడాలి. బ్రిటన్ పక్కన చిన్న దీవిలో, ఊళ్ళ మధ్య రోడ్లు మూసేసి, దాదాపు 60 కిలోమీటర్ల చుట్టు మీద పెట్టే రేసు. ఎదురు బండి ఉండదు, కుక్క అడ్డం రాదు, నడిపేది ప్రపంచంలోని గొప్ప రైడర్లు. అయినా 1911 నుంచి ఆ చుట్టు మీద ప్రాణాలు పోయిన రైడర్లు 250 మందికి పైనే. గోడలు, స్తంభాలు, ఇళ్ళు రోడ్డుకు ఆనుకునే ఉంటాయి మరి. 1972లో అక్కడ తోటి రైడర్ పార్లొట్టి చనిపోయాక, ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అగస్టినీ ఇక ఆ రేసుకు రానని చెప్పేశాడు. 1976 తర్వాత దాన్ని ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచే తీసేశారు. ఇదంతా రోడ్లు మూసేశాక సంగతి. మనకు రోడ్లు మూసేవాళ్ళు ఎవరు?

మన పదహారో నంబరు హైవే సంగతి మీకు తెలియంది కాదు. గన్నేరు చెట్ల సందులోంచి డివైడర్ దాటి దూకే మనుషులు, రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు, దాబాల ముందు లైట్లార్పేసి ఆపిన లారీలు. రొయ్యల బళ్ళు నీళ్ళు కారుస్తూ పోతాయి, ఆ తడి రాత్రిపూట కనపడదు. చీమకుర్తి వైపు గ్రానైట్ ముక్కలు, పల్లె రోడ్ల మీద ఆరబోసిన ఒడ్లు. ఇక సుబాబుల్ కర్ర లోడుతో పోయే ట్రాక్టర్లు. ట్రాక్టరు ట్రాలీ దాటి బారెడు బయటికి కర్రలుంటాయి, వెనక లైటు ఉండదు. ట్రాక్‌లో మలుపు ప్రతి రౌండులోనూ ఒకేలా ఉంటుంది, రోడ్డు మీద నిన్నటి మలుపు ఇవాళ ఉండదు.

లెక్క కూడా చూడండి. ప్రమాదం కనపడి చేయి బ్రేకు మీదకు పోవడానికి ఒక సెకను వేసుకుందాం, పొడి తారు, మంచి టైర్లు అనుకుందాం. 60లో ఉంటే బండి పూర్తిగా ఆగడానికి సుమారు 37 మీటర్లు కావాలి. 120లో ఉంటే 110 మీటర్లు దాటుతుంది. స్పీడు రెండింతలైతే గుద్దుడు బలం నాలుగింతలు. బైకు లో బీమ్ వెలుగులో 110 మీటర్ల అవతల లైటు లేని ట్రాక్టరు కనపడుతుందా?

నాకు బాగా తెలిసిన కుర్రాడొకడు ట్రాక్‌లో మలుపు మధ్యలో ముందు టైరు జారి పడ్డాడు. వందకు అటూ ఇటూగా ఉంది స్పీడు. లేచి కంకర దులుపుకుని, "లివర్ ఉందా అన్నా?" అంటూ నడుచుకుంటూ వచ్చాడు. ఆ కుర్రాడే తర్వాత హైవే మీద, ట్రాక్‌లో కంటే తక్కువ స్పీడులోనే, సుబాబుల్ ట్రాక్టరును వెనక నుంచి గుద్దాడు. తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కిందంటే అదృష్టమే. నడపడంలో వాడు చేసిన తప్పేమీ లేదు. ఏదైనా చెయ్యడానికి టైమే దొరకలేదు. ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాడు, వాళ్ళమ్మ మాత్రం బండి సౌండు వింటే లోపలికి వెళ్ళిపోతుంది.

అపోహ: కొరిశపాడు రన్‌వే మీద లాగితే ఏం కాదు

ఒంగోలు దాటాక కొరిశపాడు దగ్గర హైవే మీదే విమానాలకు అత్యవసర రన్‌వే కట్టారు కదా, దాని మీద మోజు ఎక్కువైంది. నాలుగు కిలోమీటర్ల తిన్నటి రోడ్డు, నున్నగా ఉంటుంది. 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు ట్రయల్‌కి వచ్చినప్పుడు ట్రాఫిక్‌ను మళ్ళించారు, పోలీసుల్ని పెట్టారు. నువ్వు పల్సరేసుకుని వస్తున్నావని ఎవరు మళ్ళిస్తారు అబ్బాయా? మిగతా రోజుల్లో అది మామూలు హైవేనే, బైకుకు పరిమితి 80.

అపోహ: ట్రాక్ అంటే పూర్తిగా సేఫ్

ఇది కూడా తప్పే. 2011లో మలేషియాలోని సెపాంగ్ ట్రాక్‌లో మోటోజీపీ రేసర్ సిమోన్‌చెల్లి పడ్డాక వెనక వచ్చే బళ్ళు తగిలి చనిపోయాడు. 2023 ఆగస్టులో మన మద్రాసు ట్రాక్‌లోనే, రేసులో, బెంగళూరు నుంచి వచ్చిన 13 ఏళ్ళ పిల్లవాడు చనిపోయాడు. ట్రాక్‌లో ప్రాణం పోయిన సందర్భాల్లో చాలావాటిలో ఇలా ఇంకో బండో, గోడో తగిలి ఉంటుంది. అందుకే ట్రాక్ డేకి, అంటే పందెం లేకుండా ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, వచ్చినోడిని రేసుకు వచ్చినోడిలా చూడరు. కొత్తవాళ్ళను వేరే గ్రూపులో పెడతారు, ముందు జెండాలు, ఓవర్‌టేక్ రూల్స్ చెప్పి గానీ వదలరు. తల్లిదండ్రులు అడగాల్సింది ఆ గ్రూపులు పెడుతున్నారా లేదా అన్నది. మీవాడు ట్రాక్‌కు వెళ్తున్నాడని భయపడుతుంటే ఒక రోజు వెంట వచ్చి చూడండి, నేనే తీసుకెళ్తాను.

మిగతావి, గబగబా

"ఏబీఎస్ ఉంది కదా." చక్రం లాక్ కాకుండా చూస్తుంది, అంతే. ఆగే దూరాన్ని సగం చెయ్యదు.

"రాత్రి రోడ్డు ఖాళీ." పైన చెప్పింది మళ్ళీ చదవండి.

"ఇన్సూరెన్స్ ఉంది." రేసుకు, స్పీడ్ టెస్టింగ్‌కు వాడితే వర్తించదని పాలసీ కాగితంలోనే ఉంటుంది. ట్రాక్‌లో పగిలింది మీ జేబులోంచే.

"పోలీసులు పట్టుకుంటే చలానాతో పోతుంది." రోడ్డు మీద పందెం కాస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు పడొచ్చు. నడిపింది మైనరైతే తండ్రికి మూడేళ్ళ దాకా, పైగా 25,000 జరిమానా.

అపోహ: ట్రాక్ నుంచి అట్నే నడుపుకుంటూ వచ్చేయొచ్చు

దీన్ని ఎవరూ అపోహ అనుకోరు, అందుకే చివర్లో పెట్టాను. ట్రాక్‌కు పోయే ముందు అద్దాలు విప్పేస్తాం, హెడ్‌లైటు మీద టేపు వేస్తాం, నేల మీద కారితే జారుతుందని ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తీసి ఉత్త నీళ్ళు పోస్తాం, టైర్లలో గాలి తగ్గిస్తాం. సాయంత్రానికి ఒళ్ళు హూనమై ఉంటుంది. కళ్ళు మాత్రం ఇంకా ట్రాక్ స్పీడులోనే ఉంటాయి, హైవే మీద 100 పోతున్నా నలభైలా అనిపిస్తుంది. చెన్నై నుంచి నెల్లూరు దాకా, అదీ చీకట్లో, ఆ కళ్ళతో రావద్దు. నలుగురు కలిసి ఒక టాటా ఏస్ మాట్లాడుకోండి, బళ్ళు దాంట్లో కట్టేయండి, మీరు రైలెక్కండి. ఏస్ బాడుగ నలుగురి మీద పడితే ఒక్కొక్కరికీ వచ్చేది ఒక లివర్ సెట్టు ఖరీదంత. అదీ లేదంటే రాత్రికి శ్రీపెరుంబుదూరులోనే పడుకుని, పొద్దున అద్దాలు బిగించి, టేపు పీకి, గాలి కొట్టించుకుని బయల్దేరండి.