సెల్ఫీలకు స్వాగతం పలికిందెవరు?

ఇటలీలో మ్యూజియాల సెల్ఫీ గొడవ మళ్లీ రాజుకుంది. 2025 జూన్ 21న ఫ్లోరెన్స్‌లోని ఉఫీత్సీ మ్యూజియంలో ఒక సందర్శకుడు 18వ శతాబ్దపు కళాఖండాల ప్రదర్శనలో, ఒకప్పుడు ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదీచీ వంశపు యువరాజు ఫెర్డినాండో చిత్రం ముందు అదే భంగిమలో ఫొటో దిగబోయాడు. వెనక్కి అడుగేస్తూ కాలు తట్టుకుని చిత్రం మీద పడ్డాడు. యువరాజు కుడి బూటు దగ్గర కాన్వాస్ చిరిగింది. మరమ్మతు కోసం ప్రదర్శనను జూలై 2 దాకా మూసేశారు. అంతకు కొద్దిరోజుల ముందే, వెరోనా నగరంలోని ఒక మ్యూజియంలో స్ఫటికాలు పొదిగిన కుర్చీ మీద కూర్చోబోయి ఒకాయన దాన్ని విరగ్గొట్టిన వీడియో బయటపడింది.

మీమ్‌లు, సెల్ఫీల కోసం వచ్చేవాళ్లు మితిమీరిపోయారని, ఇక కచ్చితమైన హద్దులు పెడతామని ఉఫీత్సీ డైరెక్టర్ సిమోనే వెర్డే ప్రకటించారు. చిత్రాలను కాపాడాల్సినవాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే.

అయితే ఈ జనం ఊరికే రాలేదు. సొంతానికి ఫొటోలు తీసుకోవచ్చని ఇటలీ చట్టం 2014లోనే ఒప్పుకుంది. అసలు మలుపు మాత్రం 2020లో వచ్చింది. కరోనాతో తలుపులు మూతబడ్డాక ఉఫీత్సీ మార్చిలో ఫేస్‌బుక్ పేజీ, ఏప్రిల్‌లో టిక్‌టాక్ ఖాతా తెరిచింది. ఒక వీడియోలో కరోనా వైరస్ బొమ్మ చిందులేస్తూ చిత్రకారుడు కరవాజ్జో గీసిన గ్రీకు పురాణాల రాక్షసి మెడూసా ఎదుటికొస్తుంది. ఆమె చూపు తగలగానే రాయైపోతుంది. నాలుగు వందల ఏళ్ల నాటి చిత్రాన్ని మ్యూజియమే మీమ్‌గా మార్చింది. బాగా చేసింది కూడా.

ఆ జూలైలో ఫ్యాషన్ ఇన్‌ఫ్లుయెన్సర్ కియారా ఫెర్రాన్యి బొట్టిచెల్లి గీసిన వీనస్ దేవత చిత్రం ముందు దిగిన ఫొటోను ఉఫీత్సీ తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఆమెను సోషల్ మీడియా యుగపు దేవతతో పోల్చింది. పరువు తీశారంటూ కొందరు విరుచుకుపడ్డారు. అప్పటి డైరెక్టర్ ఐకె ష్మిట్ లెక్కతో జవాబిచ్చారు: ఆ వారాంతంలో 25 ఏళ్లలోపు సందర్శకులు అంతకుముందు వారాంతం కన్నా 27 శాతం పెరిగారు. మ్యూజియం అంటే బడివాళ్లు బలవంతంగా తీసుకెళ్లే చోటు అనుకునే పిల్లలు ఇష్టపడి రావడం చిన్న విషయం కాదు. చిత్రం ముందు నిలబడి ఫొటో దిగడమే అక్కడ పద్ధతని వాళ్లకు నేర్పింది ఆ పోస్టే.

కాన్వాస్ చింపిన వ్యక్తిది తప్పే. దాన్ని సాకుగా తీసుకుని ఫోన్ పట్టుకున్న ప్రతి కుర్రాడినీ అనుమానంగా చూస్తే, 2020లో పిలిచి తెచ్చుకున్నవాళ్లనే గెంటేసినట్టు అవుతుంది. హద్దులు పెట్టేటప్పుడు, ఎంత దూరంలో నిలబడి ఫొటో తీసుకోవచ్చో కూడా ఆ టిక్‌టాక్ ఖాతాలోనే చూపించాలి.