45 దాటాక టాప్ ఎందుకు సరిపోదు? రవికె ముడి నుంచి ఎక్స్‌ఎల్ లేబుల్ దాకా

మా అమ్మ పెళ్లినాటి పట్టు జాకెట్టు ఒకటి నా దగ్గరుంది. తిరగేసి చూస్తే రెండు పక్కలా కుట్ల వరసలు కనిపిస్తాయి. అప్పట్లో టైలర్లు పక్కల్లో మూడు కుట్లు వేసి ఇచ్చేవాళ్లు. ఒళ్లు వచ్చినప్పుడల్లా లోపలి కుట్టు ఒకటి విప్పుకోవడమే. అమ్మ మొదటి కుట్టు అన్నయ్య పుట్టాక విప్పింది, రెండోది యాభై దగ్గరపడ్డాక. విప్పిన చోట సూది రంధ్రాలు చుక్కల గీతలా ఇంకా ఉన్నాయి. జాకెట్టంతా వెలిసిపోయినా, ఇన్నేళ్లూ కుట్టు లోపల దాగిన ఆ వేలెడు గుడ్డ మాత్రం ముదురు వంకాయ రంగులో అలాగే ఉంది.

ఆ జాకెట్టు నాకు గుర్తొచ్చింది పోయిన నెల, పిన్నికి టాప్స్ కొందామని షాపుకి వెళ్లినప్పుడు. పిన్నికి 53 ఏళ్లు. ఎల్ వేస్తే భుజాలు చక్కగా కూర్చున్నాయి గానీ పొట్ట దగ్గర పట్టేసింది. ఎక్స్‌ఎల్ వేస్తే పొట్ట దగ్గర బాగానే ఉంది, భుజం కుట్టు మాత్రం జారి చెయ్యి మీదికొచ్చింది, మెడ వెడల్పైపోయి లోపలి స్ట్రాప్ కనబడింది. ఏడో టాప్ విప్పి నా చేతిలో పెడుతూ “నా ఒళ్లే పాడైపోయిందే, ఇంక చీరలే కట్టుకుంటాలే” అంది. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. పిన్ని ఒంట్లో ఏ లోపమూ లేదు. ఆ టాప్ ఎవరి కొలతలతో, ఏ లెక్కతో తయారైందో తెలిస్తే ఆ మాట అనేది కాదు.

ఆ లెక్క రాకముందు మన ఆడవాళ్ల పైబట్ట ఎలా ఉండేదో ముందు చూడాలి. పాత కావ్యాల్లో కంచుకం, కుప్పసం అన్న మాటలున్నాయి. మన ముత్తవ్వలు తొడుక్కున్నది ముందు ముడి వేసుకునే రవికె. వీపు వైపు మూసి ఉంటుంది, ముందు రెండు కొసలు తెచ్చి రొమ్ముల కింద ముడేస్తారు. గుండీ లేదు, హుక్కు లేదు. పాలిచ్చే రోజుల్లో ముడి ఒకలా పడుతుంది, అరవైలో ఇంకోలా పడుతుంది. ఒక్క రవికె అన్నిటికీ సర్దుకునేది. దాని మీద చీర ఎలాగూ కొలత లేని బట్టే.

హుక్కులతో ఒంటికి పట్టే జాకెట్టు ఆంగ్లేయుల కాలంలో వచ్చింది. జాకెట్టు, బ్లౌజు అన్న మాటలే ఆ సంగతి చెబుతాయి. బెంగాల్లో ఠాగూర్ కుటుంబం కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, జాకెట్టూ లోపలి లంగాతో చీర కట్టే పద్ధతిని 1870ల నాటికి తన చుట్టూ ఉన్నవాళ్లకి అలవాటు చేశారు. కుట్టు మిషన్లు ఊళ్లలోకి వచ్చాక ఆ తీరు దేశమంతా పాకింది.

పైన ఏం వేసుకోవాలో ఆడవాళ్లు సొంతంగా నిర్ణయించుకున్న కాలం మాత్రం చాలా తక్కువ. ఇప్పటి కేరళ వైపున్న తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ కులం స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు పోరాడితే 1859లో రాజు దిగొచ్చాడు, అదీ అగ్రవర్ణాల వాళ్లలాగా మాత్రం కప్పుకోకూడదన్న షరతుతో. మన దగ్గర బ్రాహ్మణ ఇళ్లలో భర్త పోయిన స్త్రీకి జుట్టుతో పాటు రవికె కూడా తీసేసేవాళ్లు. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి ఇది మామూలు ఆచారం. ఆ ఆచారం పోయింది. అయినా “ఈ వయసులో నీకెందుకు ఆ రంగు” అనే గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది, చాలాసార్లు మన ఇంట్లోంచే.

నాకు తెలిసి జాకెట్టు కుట్టడంలో మన ఊరి టైలర్లకి ఉన్న తెలివికి ఇవ్వాల్సిన గౌరవం మనం ఇవ్వలేదు. టేపు పెట్టి ఒళ్లు కొలవడం కన్నా ఆది జాకెట్టు అడుగుతారు. బాగా సరిపోయిన పాత జాకెట్టే కొలత అన్నమాట. దానితో పాటు మాటలు వస్తాయి. “దీని మీద అరంగుళం లూజు పెట్టు, చంక దగ్గర పట్టేస్తోంది, మెడ కొంచెం పైకి తియ్యి.” పేరంటంలో పెట్టిన జాకెట్ ముక్కైనా, మ్యాచింగ్ సెంటర్లో రంగు కలిపి తెచ్చిన టూ బై టూ అయినా, లోపల అంగుళం గుడ్డ వదిలి కుట్టడం అందరికీ తెలిసిన పద్ధతి. ఒళ్లు మారుతుందని ముందే ఒప్పుకున్న కుట్టు అది. మారినందుకు ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

తర్వాత పంజాబీ డ్రెస్సు వచ్చింది. తెలుగు ఊళ్లలో 1980ల చివర్లో, 90లలో కాలేజీ అమ్మాయిలు పరికిణీ, ఓణీ వదిలి దానికి మారారు. కొన్నాళ్లకి అదే చుడీదార్ అయింది, పెళ్లయ్యాక కూడా వేసుకోవడం మొదలైంది. ఇప్పుడు తిరుమలలో ఆర్జిత సేవలకి కూడా చీర, లంగా ఓణీతో పాటు చున్నీ వేసుకున్న చుడీదార్‌ని సంప్రదాయ దుస్తుగానే ఒప్పుకుంటారు. ఆ తర్వాత చున్నీ పక్కకి పోయి, కింద లెగ్గింగ్, పైన కుర్తీ మిగిలాయి. దాన్నే అందరం టాప్ అంటున్నాం.

1990లో కాలేజీలో చేరి పంజాబీ డ్రెస్సు వేసుకున్న అమ్మాయికి ఇప్పుడు యాభై దాటాయి. అంటే టాపులతో యాభైల్లోకి అడుగుపెట్టిన మొదటి తరం తెలుగు ఆడవాళ్లు వీళ్లే. జాకెట్టు కుట్లు ఎప్పుడు విప్పాలో, పైట ఎంత వదలాలో, ఏ చీర ఒంటికి అంటుకోకుండా నిలబడుతుందో వీళ్లకి అమ్మ చెప్పింది. టాప్ గురించి చెప్పడానికి అమ్మకీ తెలియదు, అత్తకీ తెలియదు. షాపులో అమ్మాయి ఇరవైల్లో ఉంటుంది. పిన్ని టెన్షన్‌కి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

అమ్మల తరంలోనూ కొందరు టాప్ వేసుకున్నారు, అమెరికా పుణ్యాన. కూతురి పురిటికి వెళ్లే ముందు నాలుగు చుడీదార్లు కుట్టించుకుని, యాభై ఐదేళ్లకి మొదటిసారి విమానంలో వేసుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. అవి రెండు సైజులు పెద్దవి, మోకాళ్లు దాటి దిగేవి. తిరిగొచ్చిన మర్నాడే బీరువాలోకి వెళ్లిపోయేవి. ఒంటి తీరు దాచడం తప్ప ఆ బట్టకి ఇంకో పని ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

ఇక సైజు లేబుల్ సంగతి. ఆడవాళ్ల రెడీమేడ్ సైజుల కోసం పెద్దెత్తున ఒళ్లు కొలిచిన మొదటి ప్రయత్నం 1939-40లో అమెరికాలో జరిగింది. అక్కడి వ్యవసాయ శాఖ దాదాపు 15 వేల మంది మహిళలని, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిపించింది. పోస్టులో తెప్పించుకున్న బట్టలు సరిపోక వెనక్కి పంపేవాళ్లు ఎక్కువై వ్యాపారులు నష్టపోతుంటే ఈ పని తలపెట్టారు. చివరికి లెక్కలోకి తీసుకున్నవి తెల్లజాతి మహిళల కొలతలే. ఆ లెక్కల మీద 1958లో ఒక ప్రామాణిక పట్టిక వచ్చింది. అది అక్కడి ఒళ్లకే సరిపోక సడలిపోతూ వచ్చి, 1983లో పూర్తిగా పక్కనపెట్టారు. అప్పటి నుంచి ఏ కంపెనీ సైజు దానిదే. మన దేశంలో రెడీమేడ్ పరిశ్రమ అమెరికాకి, యూరప్‌కి ఎగుమతి బట్టలు కుడుతూ ఎదిగింది కాబట్టి వాళ్ల పట్టికలనే కొంచెం అటూ ఇటూ మార్చి వాడుకుంటూ వచ్చింది.

ఆ పట్టిక పనిచేసే తీరులోనే పిన్ని సమస్య ఉంది. కంపెనీ ముందు ఒక నమూనా సైజు తయారు చేస్తుంది, సాధారణంగా సన్నగా ఉన్న పడుచు అమ్మాయి ఒంటికి. మిగతా సైజులు దాన్ని పెంచుకుంటూ వెళ్లగా వచ్చినవి. ఛాతీ పెరిగితే దాంతో పాటు భుజం, మెడ, చంక, చెయ్యి కూడా కొంచెం కొంచెం పెరుగుతాయి. అంటే ఎక్స్‌ఎల్ అన్నది అన్ని వైపులా సమానంగా పెద్దదైన అమ్మాయి కోసం కుట్టిన బట్ట. నిజం ఒళ్లు అలా పెరగదు. భుజం ఎముక ఇరవైలో ఎంత ఉందో యాభైలోనూ అంతే.

నెలసరి ఆగడం మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే జరుగుతోంది, పాశ్చాత్య దేశాల్లో కన్నా నాలుగైదేళ్లు ముందు. ఈస్ట్రోజన్ తగ్గితే కొవ్వు తొడల దగ్గర నుంచి పొట్ట చుట్టూ చేరుతుంది. రొమ్ములు కిందికి దిగుతాయి, దండ చేతులు లావవుతాయి, వీపు కొంచెం ముందుకి వంగుతుంది. దాంతో టాప్ ముందు భాగం పైకి లేచి, వెనక మెడ దగ్గర గుడ్డ ఉబ్బుతుంది. ఒళ్లంతా వేడి సెగలు కమ్ముతున్న రోజుల్లో లైనింగ్ ఉన్న సింథటిక్ టాప్ వేసుకోవడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకి తెలుసు. నలభై నుంచి అరవై మధ్య భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఆడవాళ్లలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. చెయ్యి చెవి దాకా లేవనప్పుడు తల మీంచి తొడుక్కునే ఇరుకు టాప్‌తో ట్రయల్ రూమ్‌లో ఒంటరిగా పడే అవస్థ చిన్నది కాదు. రొమ్ము ఆపరేషన్ అయి చెయ్యి వాచినవాళ్ల సంగతి షాపుల్లో అసలు ఎవరికీ పట్టదు.

అందుకే 45 దాటిన వాళ్లు టాప్ ఎంచుకునేటప్పుడు ముందు భుజం చూసుకోవాలి. భుజం కుట్టు ఎముక చివర మీద కూర్చుంటే మిగతాదంతా టైలర్ సర్దగలడు. అది జారితే ఎంత ఖరీదు టాపైనా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. భుజం దగ్గర ఎల్, నడుము దగ్గర ఎక్స్‌ఎల్ కావాల్సినవాళ్లకి కలీలు పెట్టిన కుర్తీ, అంటే నడుము నుంచి కిందికి వెడల్పయ్యే ముక్కలు అతికిన కుట్టు, బాగా కుదురుతుంది. పాత కుర్తాల్లో చంక కింద చిన్న నలుచదరపు ముక్క అతికేవాళ్లు, చెయ్యి లేపినా బట్టంతా పైకి లేవకుండా. ఇప్పుడు అడిగితే తప్ప ఎవరూ పెట్టరు, అడగండి. ముందు ఛాతీ దాకా గుండీలతో తెరుచుకునే టాప్ నొప్పి భుజానికి పెద్ద ఊరట. ముడి రవికె కూడా ముందు నుంచే కదా వేసుకున్నాం. మెడ కొంచెం కోణంగా దిగితే ముఖం తేటగా కనిపిస్తుంది, మరీ వెడల్పైతే భుజాల మీంచి జారుతుంది. పక్క చీలిక పొట్ట ఎక్కువ ఉన్నచోటే మొదలైతే అక్కడ విచ్చుకుని చూపంతా అక్కడికే పోతుంది. దాన్ని నాలుగు వేళ్లు కిందికి దించితే చాలు.

గుడ్డ విషయంలో నేను మంగళగిరి కాటన్ వైపే. కాస్త గంజి ఉంటే ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది, చెమటని లాగేస్తుంది. రేయాన్ మెత్తగా జారుతుంది గానీ ఒంటి మడతలన్నీ చూపిస్తుంది, ఉతికితే కురచవుతుంది కూడా.

ఇక అడ్డ చారలు వేసుకుంటే లావుగా కనబడతారన్న మాట అందరం విన్నాం. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీనికి తిరకాసు చూపించాడు. ఒకే కొలత ఉన్న రెండు చతురస్రాల్లో అడ్డ గీతలున్నదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని రాశాడు. ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో ఈ మధ్య కాలంలో మళ్లీ పరీక్షించినా, అడ్డ చారలు లావు చూపిస్తాయన్న మాట నిలబడలేదు. కాబట్టి నచ్చిన పోచంపల్లి అడ్డ చారల టాప్‌ని ఆ భయంతో వదిలేసుకోవద్దు. నలభై దాటితే ముదురు రంగులే, చేతులు కప్పే తీరాలి అన్న రూళ్లు కూడా కొలతల్లోంచి పుట్టినవి కావు. అవి రవికె తీయించిన చూపు నుంచి మిగిలినవే.

మన ఒళ్లకి మన పట్టిక ఉండాలన్న ఆలోచన ప్రభుత్వానికి ఆలస్యంగానైనా వచ్చింది. జౌళి శాఖ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ కలిసి చేపట్టిన ఇండియాసైజ్ ప్రాజెక్టులో ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని పెట్టుకున్నారు, అందులో హైదరాబాద్ కూడా ఉంది. తీసుకున్న వయసు 15 నుంచి 65 దాకా. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ 65 అన్న అంకె. యాభై దాటిన ఒళ్ల కొలతలు కూడా లెక్కలోకి వస్తే, పడుచు ఒంటిని పెంచుతూ పోయే అలవాటు మానుకోవడానికి కంపెనీలకి ఒక ఆధారం దొరుకుతుంది.

పిన్ని విషయానికొస్తే, ఆ రోజు భుజాలు కుదిరిన ఎల్ సైజు టాపులు రెండు కొన్నాం. లోపల తిరగేసి చూశాను. ఒకదానికి ఓవర్‌లాక్ చేసి అంచు కత్తిరించేశారు, విప్పడానికి ఏమీ లేదు. రెండోదానికి అంగుళం పైన గుడ్డ వదిలారు. అలా వదిలే కంపెనీలు కొన్ని ఉన్నాయి, కొనే ముందు తిరగేసి చూడటం మంచిది. మా వీధి చివర ఇంట్లో కుట్టే అక్క ఒకావిడ, రెండోదాన్ని పక్కల్లో విప్పింది. మొదటిదానికి అదే రంగు గుడ్డ తెప్పించి చంక నుంచి అంచు దాకా రెండు పక్కలా సన్నటి ముక్క అతికింది. కుట్టేటప్పుడు పిన్నినే అడిగింది, “లోపల ఎంత వదలమంటారండీ?” పిన్ని రెండు వేళ్లు చూపించింది.