యాభై దాటాక మొదలయ్యే సోరియాసిస్

అనంతపురం పల్లెల్లో విత్తనపు వేరుశనగ కాయలను పెద్ద వయసు ఆడవాళ్లు చేత్తో వలవడం ఇప్పటికీ కనిపిస్తుంది. యంత్రంలో పప్పు పగిలితే మొలక దెబ్బతింటుంది మరి. బొటనవేలు గీరుకుపోతుంది, మానిపోతుంది. చర్మంపై పొలుసులు కట్టిన మచ్చలు లేచే సోరియాసిస్ జబ్బు ఉన్న కొందరికి మాత్రం గీరుకున్న చోటే రెండు మూడు వారాల్లో కొత్త మచ్చ లేస్తుంది. జర్మన్ వైద్యుడు హైన్రిష్ కోబ్నర్ 19వ శతాబ్దంలోనే దీన్ని గుర్తించాడు. పొలుసులు రాలాలని పీచుతో గట్టిగా రుద్దినా ఇదే ప్రమాదం. స్నానం కాగానే, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయడం మేలు.

ఇది అంటువ్యాధి కాదు. తామర అనుకుని అవ్వ కంచం, దుప్పటి వేరు చేయడం అన్యాయం. చర్మకణం అడుగున పుట్టి పైకొచ్చి రాలడానికి మామూలుగా నెల పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక కణాలు అదుపు తప్పి తొందరపెట్టడంతో కొద్ది రోజుల్లోనే పైకి చేరి, పక్వం కాకుండానే పొలుసులుగా పేరుకుంటాయి.

ఈ జబ్బు ఎక్కువగా ఇరవైలలోనో, యాభై దాటాకనో మొదలవుతుంది. వంశపారంపర్యాన్ని మార్చలేం. అలవాట్లు మన చేతిలోనివే. ముట్లుడిగాక కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. ఆ కొవ్వు ఊరికే ఉండదు, వాపును పెంచే రసాయనాలను వదులుతుంది. అమెరికాలో 1989లో మొదలైన నర్సుల అధ్యయనంలో బరువు పెరిగిన, పొగ తాగిన స్త్రీలలో సోరియాసిస్ ఎక్కువగా కనిపించింది. పొగ మానేసినవాళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముప్పు తగ్గింది. చుట్ట, బీడీ అలవాటున్న అవ్వలు మన పల్లెల్లోనూ ఉన్నారు. డాక్టరు అడగరు, ఆమె చెప్పదు. ఇంట్లోవాళ్లయినా చెప్పాలి. వంకాయ మానితే మచ్చలు పోతాయనడానికి ఆధారం లేదు. లావుగా ఉన్నవాళ్లు బరువు తగ్గితే తీవ్రత తగ్గుతుందనడానికి ఉంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది స్టెరాయిడ్ సూది. వేయించుకున్న వారంలో చర్మం నున్నబడుతుంది, ఆపగానే చీముపొక్కులతో తిరగబడవచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలూ ఈ జబ్బును పెంచుతాయి. అలాగని సొంతంగా ఆపకూడదు, మందుల చీటీ చర్మ వైద్యుడికి చూపించాలి.

గోళ్లు కూడా చూపించాలి. వాటిపై సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలుండి, పొద్దున లేవగానే వేళ్లు అరగంటకు పైగా బిగుసుకుంటుంటే అది వయసు నొప్పి కాకపోవచ్చు. సోరియాసిస్ కీళ్లకు పాకి ఉండవచ్చు. తొందరగా మందు మొదలుపెడితే కీళ్లను కాపాడుకోవచ్చు. వంకరపోయిన వేలు మళ్లీ మాత్రలతో తిన్నగా రాదు.