నడుమ దూరితే ఏమైతది? రైడ్ గేటు దగ్గర నిలబడ్డవాడు చెప్పే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలోని ఒక థీమ్ పార్కులో ఆరేళ్లు పనిచేశాను. రెండేళ్లు రైడ్ గేటు దగ్గర, నాలుగేళ్లు క్యూ సూపర్‌వైజర్‌గా. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ స్కూళ్లకు, ఆఫీసులకు టూర్లు చూసుకుంటున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు సుబేదారిలో బస్సు తీస్తే, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కేసరికి సగం మంది ఇంకా నిద్రలోనే ఉంటారు. అంటే గేటుకు ఆ పక్కా నిలబడ్డాను, ఈ పక్కా నిలబడుతున్నాను. తిట్లు రెండు వైపులా తిన్నాను. దసరా సెలవులు వస్తున్నాయి, పార్కులు కిటకిటలాడతాయి. ప్రతి ట్రిప్పులో వినే మాటలకు జవాబులు ఒకచోట రాసి పెడదామని ఇది.

అపోహ: మనోళ్లకు లైన్ అంటేనే తెల్వదు

బస్సులో ఎవరో ఒక సారు ఈ మాట అనకుండా ట్రిప్పు పూర్తికాదు. నేను మేడారం గుర్తుచేస్తాను. రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజుల జాతర. జంపన్నవాగులో మునిగి, నిలువెత్తు బంగారం, అంటే తమ బరువుకు సరితూగే బెల్లం, మోసుకుంటూ గద్దెల దాకా గంటల తరబడి కదిలేది మనోళ్లే. అక్కడ తోపులాట లేదని నేననను. ఉంటుంది. కానీ ఓపిక లేని జనమైతే ఆ జాతర ఒక్క పూట కూడా నడవదు.

తేడా మనుషుల్లో కన్నా రెయిలింగులో ఎక్కువ. తన వంతు ఎక్కడుందో కంటికి కనిపిస్తే మనిషి నిలబడతాడు, కనిపించకపోతే తోస్తాడు. మా దగ్గర ఒక రైడ్‌కు ఇద్దరు పక్కపక్కన పట్టేంత వెడల్పున్న దారి ఉండేది. ఎవరు ముందో, ఎవరు వెనకో తేలక రోజూ పంచాయితీలే. దాన్ని ఒక్క మనిషి పట్టేలా సన్నం చేశాం. మరుసటి ఆదివారం అదే వరంగల్, అదే కరీంనగర్, అదే మంచిర్యాల జనం, కిక్కురుమనలేదు.

రెండో సంగతి, తెలియకపోవడం. 1985లో డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ అధ్యాపకుడు మనుషులు ఎదురుచూసే తీరు మీద ఒక వ్యాసం రాశాడు. ఎంతసేపో తెలియకుండా ఆగడం తెలిసి ఆగడం కంటే పొడుగ్గా అనిపిస్తుందని, అన్యాయం జరుగుతోందనిపిస్తే ఇంకా పొడుగ్గా అనిపిస్తుందని అందులో చెప్పాడు. నాకు ఆ వ్యాసం సంగతి తర్వాత తెలిసింది గానీ, విషయం మొదటి వారంలోనే అర్థమైంది. ‘40 నిమిషాలు’ అని బోర్డు పెడితే జనం అంత్యాక్షరి మొదలుపెడతారు. బోర్డు తీసేస్తే పావుగంటకే ఈలలు. ఇంకో గుట్టు కూడా చెప్పేస్తాను: బోర్డు మీద నేను ఎప్పుడూ ఐదు పది నిమిషాలు కలిపే రాసేవాణ్ని. నలభై అని రాసి ముప్పైకి ఎక్కిస్తే థాంక్స్ చెప్పి పోతారు. ముప్పై అని రాసి నలభై చేస్తే కొట్టేటంత పని చేస్తారు.

బోర్డు లేని చోట మీరే లెక్కేసుకోవచ్చు. బండికి ఎంతమంది ఎక్కుతున్నారో, ఎన్ని నిమిషాలకోసారి కదులుతోందో రెండు సార్లు చూడండి. మీ ముందు 160 తలకాయలు, బండికి 24 మంది అయితే ఏడో బండి మీది. మూడు నిమిషాలకో బండి అంటే ఇరవై నిమిషాలు. ఈ లెక్క పిల్లలకు అప్పజెప్తే ‘ఇంకెంతసేపు’ అని మీ చెయ్యి లాగడం మానేస్తారు. ఇది మా బస్సులో పనిచేసిన చిట్కా.

అపోహ: ఒక్కరే నిలబడి మిగతావాళ్లకు జాగా పట్టొచ్చు

కర్చీఫ్ వేసి బస్సులో సీటు ఆపుకునే అలవాటు నుంచి వచ్చిందిది. ఆర్టీసీ బస్సులో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

ఒక ఆదివారం నాకు బాగా గుర్తు. లైన్‌లో పద్దెనిమిదేళ్ల పిలగాడు ఒక్కడే నిలబడ్డాడు. వాడి వెనక చిన్న పాపతో ఒక అక్క. పాప అప్పటికే రెయిలింగ్ కడ్డీలు మూడుసార్లు లెక్కపెట్టేసింది. గేటు ఇంకా పదడుగులుందనగా ఎనిమిది మంది కుర్రాళ్లు ఐస్‌క్రీములు చప్పరిస్తూ రెయిలింగ్ కింద నుంచి దూరారు.

అక్క అంది: “ఏం తమ్మీ, గిదేం పద్ధతి? గంట సంది నిలవడ్డం.”

“మావోళ్లే అక్కా. బాత్రూంకు పోయిన్రు.”

“ఎనమండుగురికి ఒక్కసారే వచ్చిందా?”

లైన్ మొత్తం పగలబడి నవ్వింది. పిలగాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను అక్కడికి చేరేలోపే వాడే వాళ్లను వెనక్కి తోలాడు. తానూ వెళ్లి వాళ్లతో చివర నిలబడ్డాడు, అది నాకు నచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. 24 సీట్ల బండిలో ఎనిమిది అంటే మూడో వంతు. మూడు నిమిషాలకోసారి బండి కదులుతుంటే, వెనకున్న ఒక్కొక్కరికీ సగటున ఒక నిమిషం పోతుంది. ఒక నిమిషమే కదా అంటారు. వెనక రెండు వందల మంది ఉంటే మొత్తం 200 నిమిషాలు. మూడు గంటల ఇరవై నిమిషాలు జేబులోంచి తీసుకున్నట్టు.

ఎవరూ ఏమీ అనలేదు కదా, అభ్యంతరం లేనట్టే కదా అనే వాళ్లూ ఉన్నారు. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం న్యూయార్క్‌లో 129 లైన్లలో కావాలని మనుషులను దూర్చి చూసింది. ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. ఒక్కరు దూరితే సగానికి కొంచెం ఎక్కువ సార్లే ఎవరైనా అడ్డుచెప్పారు. ఇద్దరు దూరితే పదింట తొమ్మిది సార్లు. అడ్డుచెప్పింది ఎక్కువగా వెనకవాళ్లే. అంటే ఒక్కడు దూరినప్పుడు దాదాపు సగం సార్లు జనం పళ్లు బిగబట్టి ఊరుకున్నారు. మన దగ్గర కుర్రాళ్ల గుంపు దూరితే ఆడవాళ్లు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు. అలాంటప్పుడు మీరు కలబడొద్దు, గేటు దగ్గరున్న మనిషికి చెయ్యి ఊపండి. కానీ దూరిన వెంటనే చెప్పండి. అరగంట ఊరుకుని గేటు దగ్గర చెప్తే ఎవరు ఎక్కడ దూరారో మాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

నిజంగా పిల్లకు బాత్రూం అవసరమైతే? వెళ్లే ముందు వెనకున్నవాళ్లతో ఒక్క మాట: “అక్కా, పాప బాత్రూం అంటుంది, తీస్కపోయి వస్త.” అంతే. వెళ్లేటప్పుడు చెప్పినవాళ్లను తిరిగొచ్చేటప్పుడు ఆపినవాళ్లను నేను చూడలేదు. చెప్పకుండా వెళ్లి, వచ్చి ‘జరుగుండ్రి’ అంటేనే గొడవ.

అపోహ: ఆపరేటర్ కావాలనే లేటు చేస్తాడు, ఖాళీ సీట్లతో పంపుతాడు

ఈ తిట్టు నేను తిన్నన్ని సార్లు ఇంకెవరూ తిని ఉండరు. కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

మూడు నిమిషాలకో బండి అంటే గంటకు ఇరవై ట్రిప్పులు, 480 మంది. అదే నాలుగు నిమిషాలైతే పదిహేను ట్రిప్పులు, 360 మంది. ఒక్క నిమిషం తేడాకు గంటలో 120 మంది ఎండలో మిగిలిపోతారు. ఆ నిమిషం ఎక్కడ పోతుందో గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. గంట సేపు లైన్‌లో ఖాళీగా ఉన్నాయన సీట్లో కూర్చున్నాక చెప్పులు విప్పుతాడు. ఫోన్ ఎవరికివ్వాలో అప్పుడు వెతుకుతాడు. చున్నీ ముడి అప్పుడే గుర్తొస్తుంది. “నేను మా ఆయన పక్కన కూర్చుంటా” అని ఒకరు లేస్తే, ముగ్గురు లేచి సర్దుకోవాలి. ఆ మధ్యలో ఒక సెల్ఫీ. లైన్‌లో చివరి మలుపు తిరగ్గానే జేబులు ఖాళీ చేసి, జుట్టు ముడేసి, ఎవరి పక్కన ఎవరో తేల్చుకుంటే చాలు. వెనకవాళ్లకు మీరు చేయగల మర్యాద అంతకంటే పెద్దది లేదు.

ఖాళీ సీట్ల సంగతి. ఇద్దరు కూర్చునే వరసకు ముగ్గురు స్నేహితులు వస్తారు, విడిపోరు. ఒక సీటు మిగులుతుంది. ‘ఒంటరిగా ఎవరైనా ఉన్నారా’ అని మేం అరుస్తాం, ఎవరూ పలకరు, బండి ఆపలేం. ఒక్కోసారి సీటు లాక్ సరిగ్గా పడటం లేదని దాన్ని మూసేస్తాం. హనుమకొండ ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ దగ్గర కూడా ఇదే పంచాయితీ: ‘ముందొచ్చింది మేమైతే వాళ్లను ఎందుకు ఎక్కిస్తున్నవ్?’ అని. వరసగా నింపుకుంటూ పోతే చక్రానికి బరువు ఒకే పక్క పడుతుంది. అందుకే ఎదురెదురు తొట్లు నింపుతూ తిప్పుతారు. అవతలి పక్క తొట్టి నిండేదాకా మీరు ఆగాలి.

తప్పు నాదీ ఉంది. మొదటి ఏడాది, లైన్ ఈలలు వేస్తోందని ఒకాయన చొక్కా జేబు చూడకుండా పంపేశాను. పైన తిరగబడ్డప్పుడు ఫోన్ జారింది. ఎవరికీ తగల్లేదు గానీ, రైడ్ ఆపి, పట్టాలన్నీ చూసి, మళ్లీ ఖాళీ బండి ఒకసారి నడిపి వదిలేసరికి పాతిక నిమిషాలు. ఈలలు వేసినవాళ్లే ఆ పాతిక నిమిషాలూ నిలబడ్డారు. ఆ తర్వాత ఎవరెంత అరిచినా ప్రతి లాక్ చేత్తో లాగి చూశాకే అవతలి మనిషికి బొటనవేలు చూపించేవాణ్ని.

అపోహ: రెండు వేళ్ల ఎత్తు తక్కువైతే పోయేదేముంది

లాక్ కడ్డీ తొడల మీదో భుజాల మీదో ఆనుకుని మనిషిని పట్టి ఉంచాలి. చిన్న ఒంటికి అది ఆనదు, సందు మిగులుతుంది. 120 సెంటీమీటర్లని రాసిన చోట 118కి ఒప్పుకోమని బతిమాలితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. గేటు దగ్గర వాదిస్తే పిల్లాడు అందరి ముందు ఏడుస్తాడు, వెనక బండి ఆగుతుంది. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో గోడకు నిలబెట్టి కొలవండి. ఏ రైడ్ కుదరదో ఆ రాత్రే చెప్పేయండి, ఏడుపు ఇంట్లోనే అయిపోతుంది.

అపోహ: ఫాస్ట్‌ట్రాక్ వాళ్లది దొంగదారి

దొంగదారి కాదు, పొడుగు లైన్ తప్పించుకునేందుకు కొనే ఎక్కువ రేటు టికెట్. వండర్‌లా లాంటి చోట ఆ పేరుతోనే అమ్ముతారు. డిస్నీ వాళ్లు 1999లో ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టినప్పుడు దానికి వేరే డబ్బు తీసుకోలేదు, 2021 నుంచి తీసుకుంటున్నారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ఆ సీట్లు ఆకాశం నుంచి ఊడిపడవు. అదే బండిలోవి. అటు నుంచి పది మంది ఎక్కితే ఇటు పది మంది ఆగుతారు. నాకూ అది పెద్దగా నచ్చదు. నచ్చకపోతే యాజమాన్యానికి రాయండి. టికెట్ కొనుక్కుని పక్కనుంచి వెళ్లే కుటుంబం మీద సెటైర్లు వేస్తే వాళ్ల పిల్లలు బిక్కమొహం వేస్తారు తప్ప మీ వంతు ముందుకు జరగదు.

అపోహ: పెద్దవాళ్లను నా ముందుకు రానిస్తే ఎవరికీ నష్టం లేదు

మంచి మనసే, కానీ మీరు ఇస్తున్నది మీ ఒక్కరి సమయం కాదు, మీ వెనకున్నవాళ్లందరిదీ. మా సీనియర్ ఒకాయన నేర్పిన పద్ధతి చెప్తాను: జాగా మార్చుకోండి. ఆ బాపు మీ చోటికి, మీరు ఆయన చోటికి. వెనకవాళ్లకు ఏ తేడా ఉండదు, ఎవరూ నోరెత్తరు. ఇక నడవలేనివాళ్లను, గర్భిణులను లైన్‌లో ఇరికించే ముందు స్టాఫ్‌ను అడగండి. గర్భిణులకు చాలా రైడ్లు అసలు కుదరవు, అది గంట నిలబడ్డాక తెలిస్తే బాధ.

అపోహ: వేవ్ పూల్ రష్‌లో తగలడం మామూలే

మామూలు కాదు. అలకు తూలి తగిలిన చెయ్యికీ, వెతుక్కుంటూ వచ్చిన చెయ్యికీ తేడా ఆడవాళ్లకు తెలుస్తుంది. ఒడ్డు మీద ఎత్తు కుర్చీలో కూర్చున్న లైఫ్‌గార్డుకూ తెలుస్తుంది. చెప్పండి. విజిల్ వేసి మనిషిని బయటికి పిలవడం వాళ్ల పనిలో భాగమే. ‘రష్ కదా, పోనీలే’ అని పిల్లలకు సర్దిచెప్పే తల్లులను చూస్తే నాకు కోపం వస్తుంది. తడి బట్టల్లో ఉన్న తెలియనివాళ్లు పడేలా వీడియోలు తీసే మగవాళ్లకూ ఇదే మాట. మా బస్సులో నీళ్ల దగ్గరికి ఫోన్ తేవద్దని టికెట్ డబ్బులు తీసుకునేటప్పుడే చెప్పేస్తాను.

పోయిన ట్రిప్పులో నర్సంపేట స్కూలు పిల్లలు వచ్చారు. బస్సులో చెప్పిన బాత్రూం సంగతి ఎవరు విన్నారో, ఎవరు నిద్రపోయారో నాకు తెలియదు. మధ్యాహ్నం లైన్‌లో ఐదో తరగతి పాప వెనక్కి తిరిగి, కండువా వేసుకున్న ఒక ముసలాయనతో, “తాతా, మేడంతోని బాత్రూంకు పోయొస్త, నా జాగ యాదుంచుకో” అంది. ఆయనెవరో మాకు తెలియదు, మనవలతో వచ్చినట్టున్నాడు. పాప తిరిగొచ్చేసరికి లైన్ రెండు మలుపులు ముందుకు పోయింది. ఆమె ఎక్కడికి రావాలో తెలియక రెయిలింగ్ బయట నిలబడి చూస్తుంటే, ఆయన కండువా తీసి గాల్లో ఊపుతున్నాడు, “గీడున్న బిడ్డా, గీడ!” అని.