ఫిల్టర్‌లోని వెండి నీళ్లలోకి దిగుతుందా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట, కవిటి వైపు మళ్లీ అదే గొడవ. ఫిల్టర్‌లో నానో వెండి, అంటే కంటికి కనబడనంత సన్నని వెండి రేణువులు ఉన్నాయి, క్రిములు చస్తాయి అని అమ్మేవాళ్లు అంటున్నారు. ఆ వెండి నీళ్లలో కలిసి, ఉన్న కిడ్నీలు కూడా పాడైపోతాయేమోనని ఇళ్లలో టెన్షన్. ఉద్దానం జబ్బు, అంటే ఈ ఊళ్లలో ఎందరికో కిడ్నీలు పాడుచేస్తున్న జబ్బు గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా 2013కి వస్తాను, ఇవాళ్టి అనుమానానికి జవాబు అక్కడే ఉంది.

అంతకుముందు చిక్కేమిటంటే, ఊరికే పూసిన వెండి రేణువులు కొన్ని నీళ్లతో కొట్టుకుపోయేవి, మిగిలినవాటి మీద నీళ్లలోని లవణాలు పేరుకునేవి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది చూడండి, దాదాపు అలాగే. ఇక వెండి ఉన్నా లేనట్టే.

2013లో ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం ఆ రేణువులకు గూడు కట్టే పద్ధతి ప్రచురించింది. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పాలిమర్ పోగులను అల్యూమినియం పట్టుకుంటుంది, కొలిమీ అచ్చూ ఏమీ లేకుండా మామూలు వేడిలో, నీళ్లలోనే రెండూ కలిసి వలలా అల్లుకుంటాయి. వెండి రేణువులు ఆ అల్లికలోనే తయారవుతాయి. ఆరబెడితే ఇసుక పలుకుల్లా ఉంటుంది. రేణువు లోపలే ఉండిపోతుంది, వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) మాత్రం కొద్దికొద్దిగా బయటికొస్తాయి, లీటరుకు సుమారు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫర్వాలేదన్న హద్దు 100.

అంటే అడగాల్సింది వెండి ఉందా అని కాదు, అది గూట్లో ఉందా, లీటరుకు ఎంత వస్తోంది అని. మా పిన్ని కొన్న ఫిల్టర్ మీద నానో సిల్వర్ అని స్టిక్కర్ ఒక్కటే ఉంది. బాబాయికి డయాలసిస్ నడుస్తోంది. "నాయనా, ఇది కిడ్నీకి మంచిదేనంటావా?" అని అడిగింది. అమ్మినతనికి ఫోన్ చేసి ల్యాబ్ రిపోర్టు అడిగితే, అందరూ వాడుతున్నారు కదండీ అన్నాడు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఐఐటీ వాళ్ల వెండి గూడు సూక్ష్మక్రిముల కోసం చేసింది. ఉద్దానం జబ్బుకు కారణమే ఇంకా తేలలేదు, అలాంటప్పుడు ఈ ఫిల్టర్ దాన్ని ఆపుతుందని ఎవరైనా ఏ ఆధారంతో చెప్తారు? 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభించారు, జనం నమ్మకం అయితే ఇంకా ఇంట్లో ఫిల్టర్ డబ్బా మీదే.

రిపోర్టు వచ్చేదాకా బాబాయికి డాక్టరు చెప్పిన కొలతలోనే, కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వమన్నాను. రిపోర్టు ఇంకా రాలేదు.